మంచం ఖాళీగా ఎందుకుంది?

భీమవరంలో మా డాబా మీద ఆదివారం సాయంత్రం పదిమంది దాకా పిల్లలు చేరతారు. కథ చెప్పమని గొడవ. నా దగ్గరున్నవన్నీ ఎప్పుడో అయిపోయాయి. అందుకే పాత వారపత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి, అట్టలకి అంటించి, "ఇక మీరే చెప్పండర్రా" అన్నాను.

బొమ్మతో కథ మనకి కొత్తేం కాదండీ. తెలంగాణలో చేర్యాల పటాలు విప్పి కులపురాణాలు పాడేవారు. చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు రాసినవాళ్లు మీలోనూ ఉంటారు. కాకపోతే పటం విప్పేవాడికి కథ ముందే తెలుసు. మా ఆటలో ఎవరికీ తెలీదు.

నియమాలు మూడే. ఒక్కొక్కరు రెండు మాటలు చెప్పాలి. ముందువాళ్లు చెప్పినదాన్ని 'కాదు' అనకూడదు, దానికే కలపాలి. ఏమీ తోచకపోతే 'పాస్' అనొచ్చు.

మొదట్లో నేనో పొరపాటు చేశాను. "ఈ బొమ్మలో ఏముంది?" అని అడిగేదాన్ని. "ఆవు, చెట్టు, ఇల్లు" అంటూ క్లాసులో జవాబుల్లా వచ్చేవి. "దీనికి ముందు ఏం జరిగింది?" అని అడిగాక కథ కదిలింది. అన్నీ ఉన్న బొమ్మ కంటే, ఏదో ఒకటి లేని బొమ్మ మంచిదని కూడా తెలిసింది.

మొన్న అలాంటిదే తీశాను. రాత్రివేళ, రొయ్యల చెరువు గట్టు. ఖాళీ నులకమంచం, దాని కింద చెప్పుల జత. మనిషి లేడు.

"దెయ్యం వచ్చింది" అన్నాడొకడు. అందరూ కేకలు. తర్వాతి వంతు, నాలుగు వారాలుగా 'పాస్' తప్ప ఇంకేమీ అనని పిల్లాడిది. వాళ్ల నాన్న చెరువు కాపలా ఉంటాడు.

"అప్పుడే కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగిపోయాయి. గాలందకపోతే తెల్లారేసరికి రొయ్యలు చచ్చిపోతాయి కదా, అందుకే చెప్పులేసుకోకుండా జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు."

"మరి దెయ్యం?"

వాడు కాసేపు ఆలోచించాడు. "టార్చిలైటు పట్టుకుంది."

రెండు మాటలే అన్న నియమం ఎవరికీ గుర్తు రాలేదు.

"మీ నాన్న గురించేనా?" అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "నీ గురించి చెప్పు" అంటే నోరు విప్పని పిల్లలు బొమ్మలో మనిషి గురించైతే చెప్తారు. 1930ల్లోనే హార్వర్డ్‌లో హెన్రీ ముర్రే, క్రిస్టియానా మోర్గాన్ బొమ్మలు చూపించి కథలు చెప్పించుకుని మనసుని చదవాలని చూశారు. అది నిపుణుల పని. మన పని వినడం వరకే. తవ్వితే వచ్చేవారం ఆ పిల్లాడు మళ్లీ 'పాస్' అంటాడు.

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ ఓ బొమ్మ మధ్యలో పెట్టి చూడండి. పెద్దవాళ్లనీ కూర్చోబెట్టండి. చివర్లో "నీతి ఏంటి?" అని మాత్రం అడక్కండి.

మా వాళ్లకి వచ్చేవారం కొత్త బొమ్మ అక్కర్లేదట. ఆ మంచం బొమ్మే కావాలట. జనరేటర్ ఆన్ అయిందో లేదో తెలియాలిగా!