కంచాలు ఎవరు కడుగుతారు?

మా వైపు చర్చి పండుగలు ఎలా జరుగుతాయో మీలో చాలామందికి తెలుసు. సూర్యాపేట అయినా, కోదాడ అయినా, మిర్యాలగూడ అయినా పెద్ద తేడా ఉండదు. గేటు దగ్గర ఫ్లెక్సీలు, గుడి నిండా కొవ్వొత్తులు, పాటలు, దివ్యబలిపూజ, ఆ తర్వాత అందరికీ భోజనాలు. భోజనాలయ్యాక ప్రహరీ వెనక్కి వెళ్లి చూడండి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, సగం తాగి పడేసిన నీళ్ల సీసాలు, వాటిలో కలిసిపోయిన అన్నం గుట్టగా పడి ఉంటాయి. సాయంత్రానికి ఎవరో దానికి నిప్పు పెడతారు. ఆ పొగ పక్క వాడలో పసిపిల్లలున్న ఇళ్లలోకి వెళ్తుంది.

ఆ పొద్దున పూజలో మనం ఆకాశాన్నీ భూమినీ చేసిన దేవుణ్ణి నమ్ముతున్నామని విశ్వాస సంగ్రహం చెప్పి ఉంటాం. ఆయన చేసిన భూమి మీదే సాయంత్రం ఈ మంట. ఇది శుభ్రతకు సంబంధించిన చిన్న విషయం కాదు, విశ్వాసానికి సంబంధించినదే అని నేనంటాను.

"చర్చికి ఆత్మల సంగతి ముఖ్యం, చెట్ల సంగతి, చెత్త సంగతి మున్సిపాలిటీ చూసుకుంటుంది" అనేవాళ్లు మన విచారణల్లో ఉన్నారు. భక్తి లేనివాళ్లు కాదు, రోజూ జపమాల చెప్పేవాళ్లే. అలాంటి మాట వస్తుందని పోపు ఫ్రాన్సిస్ గారికి ముందే తెలుసు. 2015లో రాసిన 'లౌదాతో సి' లేఖలో ఆయన ఆ సంగతి ఎత్తారు. ప్రార్థనాపరులైన క్రైస్తవుల్లోనే కొందరు పర్యావరణం మాట ఎత్తితే ఎగతాళి చేస్తారని బాధపడ్డారు. దేవుడి సృష్టిని కాపాడటం మన విశ్వాసానికి అదనపు అలంకారం కాదని గట్టిగా చెప్పారు. ఇది కొత్తగా పుట్టిన ఫ్యాషనూ కాదు. అస్సీసి ఫ్రాన్సిస్ గారిని పర్యావరణ పాలక పునీతుడిగా రెండో జాన్ పాల్ పోపు గారు 1979లోనే ప్రకటించారు. ఆదికాండం చూసినా, దేవుడు మనిషిని తోటలో పెట్టింది దాన్ని సాగు చేసి కాపాడమనే.

2015 నుంచి సెప్టెంబర్ 1ని సృష్టి పరిరక్షణ కోసం ప్రార్థించే రోజుగా మన తిరుసభ పాటిస్తోంది. 2024లో ఆ రోజు ఆదివారం పడింది. ఆ ఆదివారం కోదాడ ఎలా ఉందో గుర్తుందా? ముందు రోజు నుంచి తెరిపి లేకుండా కురిసిన వానకు వీధులు ఏరులయ్యాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. ఆ వాన మన ప్లేట్ల వల్ల వచ్చిందని నేను అనను. కానీ వాన నీళ్లు పోవాల్సిన మోరీలో ప్లాస్టిక్ ఇరుక్కుంటే ఆ నీళ్లు ఎవరింట్లోకి వస్తాయో మనకు తెలుసు. పల్లంలో ఇల్లు కట్టుకున్న పేదవాళ్ల ఇంట్లోకి. వాళ్లలో చాలామంది మన చర్చిలో వెనక వరసలో కూర్చునేవాళ్లే.

"మూసీ నిండా హైదరాబాద్ మురుగు పారుతుంటే, మన గ్లాసులు లెక్కపెడతావేంటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ మూసీ సూర్యాపేట పక్క నుంచే పోయి, మిర్యాలగూడ దాటాక వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దాని గురించి అడగాల్సిందే, గట్టిగా అడగాల్సిందే. శుభ్రమైన తాగునీరు ప్రతి మనిషి హక్కని పోపు గారి లేఖ కూడా చెబుతుంది. కానీ మన గుడి ఆవరణలో మన చేతిలో ఉన్న పనే చేయనివాళ్లం నది గురించి ఏ నోటితో అడుగుతాం?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎక్కడైనా ఈ మాట ఎత్తితే ఫలితం ఒకటే, ఆడవాళ్లకు ఒక ఉపదేశం. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండమ్మా, గుడ్డ సంచి తీసుకెళ్లండమ్మా, నీళ్లు పొదుపుగా వాడండమ్మా. బాగానే ఉంది. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు పోయడం, మిగిలిన అన్నం పారేయకపోవడం, పాత చీరను బొంత కుట్టడం మన అమ్మమ్మలు ఏ లేఖా చదవకుండానే చేశారు. మనకు నేర్పాల్సింది తక్కువే. కానీ పండుగకు ఎన్ని ఫ్లెక్సీలు కట్టాలి, ఎన్ని వేల ప్లేట్లు తేవాలి, టపాకాయలకు ఎంత పెట్టాలి అని కమిటీలో తేల్చేది ఎక్కువ చోట్ల ఎవరు? మగవాళ్లు. ఖర్చు నిర్ణయం వాళ్లది, ఊడ్చే చీపురు మనది.

స్టీలు కంచాలు కొందామని అడిగి చూడండి. ధర ఎంత అని ఎవరూ అడగరు. మొదటి ప్రశ్న "ఎవరు కడుగుతారు?" అనే. అడిగినవాళ్ల కళ్లు మాత్రం అప్పటికే మన వైపు తిరిగి ఉంటాయి. అందుకే చాలామంది అక్కలు నోరు మూసుకుంటారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఇంట్లో కడిగీ కడిగీ అరిగిన చేతులు పండుగనాడైనా కాస్త ఆరాలని కోరుకోవడం పాపం కాదు.

జవాబు మన గుడిలోనే ఉంది. ప్రతి ఏడూ పవిత్ర గురువారం నాడు ఫాదర్ గారు వంగి పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగాడని, మనమూ అలాగే చేయాలని ప్రసంగం చెబుతారు. కాళ్లు కడిగిన ప్రభువు శిష్యులు కంచాలు కడగలేరా? బల్ల వేయడానికి, మైకు కట్టడానికి, పల్లకి మోయడానికి ముందుకొచ్చే యువకులు ఒక గంట కుళాయి దగ్గర నిలబడలేరా? కమిటీ పెద్దలు లుంగీ ఎగ్గట్టి నాలుగు కంచాలు కడిగితే, పది ప్రసంగాలు చెప్పలేనిది పిల్లలు ఆ రోజే నేర్చుకుంటారు. సృష్టిని కాపాడటం విశ్వాసమే అయితే అది అందరి విశ్వాసం. ఆడవాళ్ల వరకే అయితే దాని పేరు విశ్వాసం కాదు, వెట్టి.

డబ్బు సాకు కూడా నిలవదు. స్టీలు కంచాలు ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటాయి, పెళ్లిళ్లకూ బాప్తిస్మాలకూ అద్దెకిస్తే విచారణకు నాలుగు రూపాయలు వస్తాయి. కంచాలు వద్దంటే మోదుగాకు విస్తర్లున్నాయి. మన జిల్లాకు అవేం కొత్త కాదు, తిన్నాక ఎరువవుతాయి. పైగా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. గుడి ఆవరణకు ఆ చట్టంలో మినహాయింపేమీ లేదు. ఇక మిగిలిన అన్నం సంగతి. అయిదు రొట్టెలతో వేలమందికి పెట్టాక కూడా ప్రభువు ముక్కలన్నీ ఏరించాడు, ఏదీ పాడు కాకూడదని. పన్నెండు గంపలు నిండాయి. మనం నింపుతున్నది చెత్త గుంతలు.

కాబట్టి అక్కలూ, ఈసారి పండుగ మీటింగుకు టీ ఇచ్చి వెనక్కి రాకండి, కూర్చోండి. ఒక్కరే కాకుండా నలుగురు కలిసి వెళ్లండి. మూడు మాటలు అడగండి: ప్లాస్టిక్ ప్లేట్లు వద్దు, ఫ్లెక్సీల డబ్బుతో కంచాలు కొనండి, కడిగే వంతుల జాబితాలో మగవాళ్ల పేర్లు ముందు రాయండి. నవ్వితే నవ్వనివ్వండి. ఫాదర్ గారి పేరు మొదట రాయమని కూడా అడగండి. కాళ్లు కడిగే అలవాటు ఆయనకు ఎలాగూ ఉంది.