కొండెక్కాలంటే మొక్కు ఉండాలా?

మా పామిడిముక్కల చుట్టుపక్కల కొండన్నది కనిపించదు. వరి చేలు, చెరుకు తోటలు, కాలవలు. ఎత్తయిన చోటంటే మాకు కాలవ గట్టే. కొండ చూడాలంటే బెజవాడ వెళ్లాలి. కాస్త అడవి కూడా కావాలంటే అక్కడ ఇంకో బస్సెక్కి కొండపల్లి చేరాలి. ఇలాంటి ఊళ్లో పుట్టిన ఆడదానికి కొండలూ అడవులూ తిరగాలన్న పిచ్చేమిటని అడుగుతారు. మగవాడికైతే అదే సరదా!

నడక ఆడవాళ్లకి కొత్తా? నాట్లకీ కలుపులకీ తెల్లవారకముందే గట్ల వెంట మైళ్లు నడిచేదెవరు? గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేదెవరు? ఆ నడకని ఎవరూ తప్పు పట్టరు. దేవుడి కోసమైతే అడవిలో నడిచినా తప్పు లేదు. శివరాత్రికీ ఉగాదికీ నల్లమలలో నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి కాలినడకన వెళ్లే వేలాది జనంలో ఆడవాళ్లెందరో ఉంటారు. ముసలమ్మలు కూడా ఆ రాతి మెట్లెక్కుతారు, చెట్ల కింద నిద్రపోతారు. ఆడవాళ్లు సుకుమారులన్న మాట అప్పుడెవరికీ గుర్తు రాదు. అదే దారిని ఊరికే, చూడాలనిపించి నడుస్తానంటే మాత్రం "ఎందుకు? ఎవరితో?" అని మొదలు. కార్తీక వనభోజనాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, పొయ్యి కూడా మాతోనే వస్తుంది.

నలభై దాటాక నేనొక నడక బృందంలో పేరివ్వబోతే, మీ ఆయన సంతకం తెమ్మన్నారు. నా వెనక వరసలో ఉన్న మగవాళ్లనెవరినీ భార్య సంతకం అడగలేదు. నేను తేలేదు, వాళ్లు చేర్చుకోలేదు. అడవిలో ప్రమాదాలుంటాయి, తెలిసిన తోడు కావాలి, నిజమే. ఆ జాగ్రత్త అందరికీ ఒకటే కావాలి కదా?

ఇది మన దగ్గరే కాదు. జపాన్‌లో జుంకో తాబెయి 1969లో ఆడవాళ్ల కోసం పర్వతారోహణ సంఘం పెట్టింది. ఎవరెస్టు యాత్రకి డబ్బు సాయం అడగబోతే, ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచుకోమన్నారు. 1975 మే 16న ఆవిడ ఎవరెస్టు ఎక్కిన మొదటి స్త్రీ అయింది. మన దేశం నుంచి బచేంద్రి పాల్ 1984లో ఎక్కింది.

మాలావత్ పూర్ణ సంగతి మరీ ముఖ్యం. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో కూలి చేసుకునే గిరిజన కుటుంబం. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు మీద నిలబడింది. ఆ అమ్మాయి ధైర్యాన్ని అందరూ పొగిడారు. ధైర్యం ఒక్కటే చాలుతుందా? సాంఘిక సంక్షేమ గురుకులం ఆమెను భువనగిరి రాతికొండ ఎక్కించింది, డార్జిలింగ్ పంపి శిక్షణ ఇప్పించింది, ఖర్చు ప్రభుత్వం భరించింది. కాళ్లు ఆమెవే, దారి వేసింది బడి. ఈ రెండో మాట సన్మాన సభల్లో వినపడదు.

అందుకే నేనడిగేది చిన్నది. మా మండలం హైస్కూళ్లలో ఆడపిల్లల్ని ఏడాదికొకసారైనా కొండపల్లి కోటకి నడిపించండి. పైదాకా ఎక్కనివ్వండి, ఫొటో తీసి వెనక్కి తేవద్దు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకి చార్జీ కూడా లేదు. ఆ రోజు పిల్లలు చేసే ఇంటి పనులు ఎవరు చేయాలన్నది వాళ్ల నాన్నలతో మేం మాట్లాడతాం.