పట్టికలో లేని గడి

పోటీ పరీక్షల గైడు ఏది తిరగేసినా ఇంగ్లీషు జాతీయాల పట్టిక ఒకటి కనిపిస్తుంది. ఎడమ పక్క జాతీయం, కుడి పక్క అర్థం. 'కిక్ ద బకెట్' ఎదురుగా 'చనిపోవు' అని ఉంటుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రాడ్యుయేట్ స్థాయి మొదటి దశలో గంటకి 100 ప్రశ్నలు, అందులో ఇంగ్లీషువి 25. అంత హడావిడిలో ఆ పట్టిక మార్కు తెచ్చిపెడుతుంది, కాదనను. చిక్కల్లా, ఉద్యోగం వచ్చాక కూడా దాన్నే నమ్ముకోవడంతో వస్తుంది.

'కిక్ ద బకెట్' 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన నిఘంటువులోకే ఎక్కింది. అది మర్యాదస్తుల నిఘంటువు కాదు, వీధి మాటల పోగు. పై అధికారి తండ్రి పోయారని తెలిసి, కొత్తగా చేరిన కుర్రాడు ఈ జాతీయంతో సంతాపం మెయిల్ కొట్టాడనుకోండి! ఆ ఘోరం ఏమిటో తెలుగువాడికి విడమరచి చెప్పక్కర్లేదు. మనకీ బాల్చీ తన్నేయడం ఉంది, టపా కట్టేయడం ఉంది, హరీమనడం ఉంది. కాలం చేయడం, పరమపదించడం కూడా ఉన్నాయి. పెద్దకర్మ కార్డు మీద ఏది అచ్చేయించాలో, అరుగు మీద ఏది అనొచ్చో పది తప్పినవాడికీ తెలుసు. వాడికెవరూ పట్టిక ఇవ్వలేదు. ఎవరు ఎవరి దగ్గర ఏమంటున్నారో వింటూ పెరిగాడు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మనం ఆ వినడం మానేసి బట్టీకి దిగుతాం.

క్రికెట్ మాటలైనా మనకి లొంగుతాయనుకుంటే, అవీ తిరకాసు పెడతాయి. సిక్సర్ అనగానే మన ఈల బ్యాటు పట్టుకున్నవాడికి. 'నాక్డ్ ఫర్ సిక్స్' అన్న ఇంగ్లండువాడు మాత్రం దెబ్బతిన్న పక్షాన నిలబడి మాట్లాడుతున్నాడు. ఉద్యోగం ఊడో, చెడు కబురు వినో కుదేలయ్యాడని దాని భావం. అభినందనలు చెప్పారో, అయిపోయారే!

అసలు ఇంగ్లీషువాళ్లే వాళ్లలో వాళ్లు బోర్లాపడ్డారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ సేనానులు ఒక పత్రాన్ని 'టేబుల్' చేద్దామంటే అమెరికన్లు ససేమిరా అన్నారనీ, వాదులాట చాలాసేపు సాగిందనీ చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాశాడు. బ్రిటిష్ వారి లెక్కలో అది వెంటనే చర్చకు పెట్టడం, అమెరికన్ల లెక్కలో అటకెక్కించడం. తీరా చూస్తే రెండు పక్షాలూ కోరింది ఒకటే. మధ్యాహ్నం లండన్‌తో, రాత్రి డాలస్‌తో కాల్ మాట్లాడే హైదరాబాద్ పిల్లలకి ఈ తగవు ఇవాళ్టిదే.

కాబట్టి నోటుపుస్తకంలో అర్థం పక్కన ఇంకో గడి గీయండి: ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు? సినిమాలోనో, బీబీసీ వార్తల్లోనో, మీటింగులోనో విన్నప్పుడల్లా అందులో ఒక వాక్యం రాసుకోండి. రెండు మూడు వాక్యాలు చేరేదాకా ఆ జాతీయాన్ని విని అర్థం చేసుకుంటే చాలు. జోరువానకి కుక్కల్నీ పిల్లుల్నీ కురిపించకుండా మామూలు ఇంగ్లీషులో 'హెవీ రెయిన్' అన్నా ఎదుటివాడు గొడుగు తెచ్చుకుంటాడు.