ఐదో ఛాన్స్ ఎవరి పాపం?

మా పిన్ని కొడుకు అమెరికాలో మిస్సోరి రాష్ట్రం, కొలంబియా అనే ఊళ్లో ఎంఎస్ చేస్తున్నాడు. వెళ్లి ఏడాది కూడా కాలేదు, అప్పుడే ఆ ఊరి పగలన్నీ వీడి పగలైపోయాయి. మొన్న అర్ధరాత్రి వాట్సాప్‌లో పాత వీడియో ఒకటి పంపించి, కింద ఒక్క ముక్క రాశాడు: ‘అన్నా, లెక్కపెట్టు.’

లెక్కపెట్టాను. ఐదు.

అది 1990 అక్టోబర్ 6న మిస్సోరి, కొలరాడో యూనివర్సిటీల మధ్య జరిగిన కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్. వీడు ఇప్పుడు చదువుతున్న క్యాంపస్‌లోనే ఆడారు. అప్పటికి వీడు పుట్టలేదు సరికదా, మా పిన్నికి పెళ్లి కూడా కాలేదు. అయినా ‘మమ్మల్ని మోసం చేశారన్నా’ అంటాడు. ఆ ‘మమ్మల్ని’ చూసి నవ్వొచ్చింది కానీ, వీడియో మాత్రం మళ్లీ మళ్లీ చూశాను.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. బంతి ఉన్న జట్టుకి పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ఛాన్సులుంటాయి. ఒక్కో ఛాన్స్‌ని డౌన్ అంటారు. గోల్ గీతకి పది గజాల లోపే ఉంటే ఆ నాలుగింటిలోనే గీత దాటాలి. దాటకపోతే బంతి అవతలి జట్టుది. ఇంకో సంగతి, టైమ్ అయిపోతుంటే క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని వెంటనే నేలకేసి కొట్టొచ్చు. దాన్ని స్పైక్ అంటారు. గడియారం ఆగుతుంది, బదులుగా ఒక డౌన్ పోతుంది. ఎన్నో డౌన్ నడుస్తోందో అందరికీ తెలియడానికి గ్రౌండ్ పక్కన ఒకాయన అంకెలు మారే కర్ర పట్టుకుని నిలబడతాడు. మన కథలో విలన్ ఆ కర్రే.

ఇక ఆఖరి నిమిషానికి వద్దాం. మిస్సోరి 31, కొలరాడో 27. కొలరాడో బంతిని మూడు గజాల దూరానికి తెచ్చింది. నిజానికి అప్పుడే అయిపోవాల్సింది. జాన్ బోమన్ అనే ఆటగాడికి చుట్టుపక్కల ఎవరూ లేరు, బంతి చేతిలో ఉంది, కానీ కాలు జారి పడ్డాడు. ఈ జారుడు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఒకటో డౌన్: క్వార్టర్‌బ్యాక్ చార్లెస్ జాన్సన్ స్పైక్ చేశాడు. రెండో డౌన్: ఎరిక్ బీనెమీ బంతి పట్టుకుని దూకాడు, గజం దూరంలో ఆపేశారు. కొలరాడో తన చివరి టైమౌట్ తీసుకుంది. గడియారంలో 18 సెకన్లు. ఆ టైమౌట్ సందట్లో కర్ర మీద అంకె మార్చడం మర్చిపోయారు. 2 అలాగే ఉండిపోయింది.

మూడో డౌన్, కర్ర లెక్కలో రెండు: బీనెమీ మళ్లీ దూకాడు, మళ్లీ ఆపేశారు. ఒకరి మీద ఒకరు పడి ఉన్న ఆటగాళ్లు లేవడానికి రిఫరీ గడియారం ఆపాడు. ఇంకా ఎనిమిది సెకన్లు. నాలుగో డౌన్, కర్ర లెక్కలో మూడు: గడియారం మళ్లీ కదలగానే జాన్సన్ స్పైక్ చేశాడు. రెండు సెకన్లు మిగిలాయి. లెక్క ప్రకారం అక్కడితో బంతి మిస్సోరిది, మ్యాచ్ మిస్సోరిది. కానీ కర్ర మీద ఇప్పుడు 4 ఉంది! జాన్సన్ ఇంకోసారి బంతి పట్టుకుని గుంపులోకి తలపెట్టి తోశాడు. టచ్‌డౌన్ అన్నారు.

గెలిచామనుకుని మిస్సోరి జనం గ్రౌండ్‌లోకి వచ్చి గోల్ పోస్టులు పీకేశారు. అధికారులు చాలాసేపు చర్చించుకున్నారు. టచ్‌డౌన్ నిలబడింది. 33-31, కొలరాడో గెలుపు. తర్వాత ఆ టోర్నీ నడిపే బిగ్ ఎయిట్ కాన్ఫరెన్స్ అధికారులందరినీ సస్పెండ్ చేసింది. ఫలితం మాత్రం మార్చలేమంది. మ్యాచ్ ముగిసిందని ప్రకటించాక వెనక్కి తీసుకునే దారి రూల్స్‌లో లేదు మరి.

ఆ సీజన్‌లో కొలరాడో 11 గెలిచి, ఒకటి ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. అప్పట్లో ప్లేఆఫ్‌లు లేవు, ఓట్లతోనే నేషనల్ ఛాంపియన్ తేలేవాడు. ఏపీ వార్తాసంస్థ ఓటింగ్‌లో కొలరాడో నంబర్ వన్. కోచ్‌లు వేసిన యూపీఐ (ఫోన్‌పే యూపీఐ కాదు, ఇదీ వార్తాసంస్థే) ఓటింగ్‌లో ఒక్క పాయింట్ తేడాతో జార్జియా టెక్. అంటే ఆ ఐదో ఛాన్స్ లేకపోతే కొలరాడో ట్రోఫీ మీద పేరే ఉండేది కాదేమో. అందుకే ముప్పయ్యేళ్లు దాటినా కొలంబియాలో ఈ గాయం ఆరలేదు.

మావాడి వాదన సింపుల్: ‘కార్నెల్ వాళ్లు ఇచ్చేశారు కదా, వీళ్లెందుకు ఇవ్వలేదు?’

నిజమే, ఇచ్చేశారు. 1940 నవంబర్ 16న డార్ట్‌మత్‌తో ఆడినప్పుడు కార్నెల్‌కి అచ్చం ఇలాగే ఐదో డౌన్ దొరికింది. 18 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని జట్టది. ఐదో డౌన్‌లో టచ్‌డౌన్ కొట్టి 7-3తో గెలిచింది. తర్వాత ఫిల్మ్ వేసి చూస్తే తప్పు తేలింది. రిఫరీ ఒప్పుకున్నాడు. కార్నెల్ వాళ్లు డార్ట్‌మత్‌కి టెలిగ్రామ్ కొట్టి, గెలుపు వదిలేసుకున్నారు. రికార్డుల్లో ఇప్పటికీ డార్ట్‌మత్ 3, కార్నెల్ 0. మనకీ అలాంటి మనిషి ఉన్నాడు. 1980 జూబిలీ టెస్టులో అంపైర్ అవుటిచ్చేసిన బాబ్ టేలర్‌ని కెప్టెన్ విశ్వనాథ్ వెనక్కి పిలిచాడు. మ్యాచ్ మనం ఓడిపోయాం. ఆయన పేరు మాత్రం ఇంకా చెప్పుకుంటున్నాం.

మొదట నేనూ మావాడి పక్షమే. కానీ నాలుగో డౌన్ దగ్గర వీడియో ఆపి ఇంకోసారి చూస్తే, ఈ రెండు కేసులూ ఒకటి కాదనిపించింది. కార్నెల్ తన నాలుగో డౌన్‌ని నిజంగా ఆడింది. పాస్ వేసింది, అది పోయింది. అక్కడ ఓడిపోయి, ఆ తర్వాత దానంగా ఇంకోటి పుచ్చుకుంది. జాన్సన్ అలా కాదు. నాలుగో డౌన్‌ని చేతులారా నేలకేసి కొట్టాడు. ఎందుకు? కర్ర 3 అని చెప్పింది కాబట్టి. అది నాలుగని తెలిస్తే ఏ పిచ్చివాడైనా స్పైక్ చేస్తాడా? ఎనిమిది సెకన్లున్నాయి, గజం దూరం. తోసేవాడు. దాటేవాడో లేదో నాకు తెలీదు, మావాడికీ తెలీదు. అంటే అధికారుల తప్పు కొలరాడోకి ఒక ఛాన్స్ ఇచ్చింది, ఒక ఛాన్స్ లాక్కుంది కూడా. అందుకే కొలరాడో గెలుపు ఇచ్చేసి తీరాలని నేను అనను.

‘లెక్కపెట్టుకోవడం వాళ్ల పని కాదా? అంతమంది కోచ్‌లు ఏం చేస్తున్నారు?’ అన్నాడు మావాడు. మంచి ప్రశ్న. అదే ప్రశ్న మిస్సోరి కోచ్‌లనీ అడగాలి మరి. ఈ మాటకి వాడు బ్లూ టిక్ పెట్టి ఊరుకున్నాడు.

నాకు కోపం వచ్చేది కొలరాడో కోచ్ బిల్ మెకార్ట్నీ మీద. పైన నేను చెప్పిన వాదన ఆయన చేతిలోనే ఉంది. ఆయన అది వదిలేసి, గ్రౌండ్ జారుడుగా ఉంది, ఆడటానికి పనికిరానిది, అందుకే గెలుపు వదులుకోను అన్నట్టు మాట్లాడాడు. జారింది నిజమే, మా ఆటగాడు జారాడు కాబట్టి మీ ఛాన్స్ మాకే అంటే ఎలా? పైగా ఆయన ఒకప్పుడు మిస్సోరికే ఆడినవాడు. చాలా ఏళ్ల తర్వాత బాధపడుతున్నానని చెప్పుకున్నాడు. 2025 జనవరిలో చనిపోయాడు. అప్పుడు కూడా మనవాళ్లకి మొదట గుర్తొచ్చింది ఆ ఐదో డౌనే.

ఇంత తీర్పు చెప్తున్నాను కానీ, నా చేతులూ శుభ్రం కాదు. డిగ్రీలో ఉన్నప్పుడు ఇంటర్ కాలేజీ క్రికెట్ మ్యాచ్‌లో నేను స్కోరర్‌ని. ఆఖరి ఓవర్లో అంపైర్ లెక్క తప్పి ఏడో బంతి వేయించాడు. మావాడు దాన్ని ఫోర్ కొట్టాడు. గెలిచాం. నా పుస్తకంలో ఆ గడిలో ఏడు గుర్తులున్నాయి, వైడ్ లేదు, నోబాల్ లేదు. ఏడో బంతికి ముందే నాకు తెలుసు. చెయ్యెత్తలేదు. అవతలి కెప్టెన్ వచ్చి పుస్తకం అడిగితే ఇచ్చాను. వేలు పెట్టి లెక్కపెట్టాడు. అంపైర్ ‘నేను లెక్కపెట్టిందే ఓవర్’ అన్నాడు. ఆ మాట రూలే. క్రికెట్ చట్టాల్లో ఉంది: అంపైర్ తప్పు లెక్కపెట్టినా ఆ ఓవర్ అలాగే చెల్లుతుంది. ఆ కెప్టెన్ ఏమీ అనకుండా పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. తిట్టినా బాగుండేది.

జాన్సన్‌కీ నాకూ తేడా అదే. అతను కర్రని నమ్మాడు. నాకు తెలిసీ నోరు మూసుకున్నాను. ఈ సంగతి మావాడికి చెప్పలేదు, ఇక్కడ చదువుతాడు.

ఇప్పుడైతే రీప్లే ఉంది కదా అంటారు. ఉంది. డౌన్ లెక్క తప్పితే రీప్లే అధికారి సరిచేయొచ్చు. కానీ 2015లో డ్యూక్, మయామి మ్యాచ్ చూడండి. ఆఖరి కిక్‌ని మయామి వాళ్లు ఎనిమిదిసార్లు వెనక్కి విసురుకుంటూ తీసుకెళ్లి టచ్‌డౌన్ కొట్టారు. మధ్యలో ఒకడి మోకాలు నేలకి తగిలింది, ఆట అక్కడే ఆగాలి. అధికారులు దాదాపు తొమ్మిది నిమిషాలు రీప్లే చూసి కూడా తప్పే చెప్పారు. మర్నాడు కాన్ఫరెన్స్ ఆ అధికారులని రెండు మ్యాచ్‌లు పక్కన పెట్టింది. ఫలితం? మయామి 30, డ్యూక్ 27. మారలేదు.

ఇదంతా టైప్ చేసి మావాడికి పంపాను. చాలాసేపు జవాబు లేదు. పొద్దున్నే లేచి చూస్తే స్క్రీన్‌షాట్ ఒకటి వచ్చి ఉంది. ఐదో డౌన్‌లో జాన్సన్ పడిపోయిన చోట ఎర్ర గీత గీసి పంపాడు. బంతి గీత ఇవతలే ఉందట.

‘నీ వాదనంతా పక్కన పెట్టన్నా. అసలది టచ్‌డౌనే కాదు, జూమ్ చేసి చూడు.’

జూమ్ చేశాను. నలుగురైదుగురి వీపులు తప్ప ఏమీ కనబడలేదు.