న్యాయ సలహా: పరదేశపు బ్యాంకు వీలుకాదన్నప్పుడు

పుదుచ్చేరి ప్రాంతంలోని ఏంబలం నుండి ఒక సహోద్యోగి ఈ శీర్షికకు లేఖ వ్రాశారు. వారి కుమారుడు ఉన్నత విద్యకై ఫ్రాన్సుకు వెళ్ళినాడు. అక్కడి బ్యాంకు ఒకటి కారణం చెప్పకుండానే ఖాతా తెరవడానికి నిరాకరించింది. ఇంటి యజమాని అద్దెను ఖాతా ద్వారానే చెల్లించమంటున్నాడు. ఈ పరిస్థితిలో ఆ తండ్రి మూడు ప్రశ్నలు అడిగారు. అక్కడ వకీలును నియమించుకోవలెనా? అంతవరకు పరిచయస్తుని ఖాతాకు సొమ్ము పంపవచ్చునా? తండ్రి పేరు కూడా చేర్చి ఉమ్మడి ఖాతా తెరిస్తే సులువగునా? పిల్లలను విదేశాలకు పంపిన మన ఉద్యోగులెందరికో ఈ ప్రశ్నలు ఉపయోగపడతాయి గనుక సమాధానాన్ని అందరికోసం వ్రాస్తున్నాము.

మొదటి ప్రశ్నకు సమాధానం ఊరట కలిగించేదే. ఫ్రాన్సులో బ్యాంకు ఖాతా పొందడం చట్టమిచ్చిన హక్కు. 1984 నాటి బ్యాంకింగు చట్టంతో ఆరంభమైన ఈ హక్కు నేడు వారి ద్రవ్య, ఆర్థిక స్మృతిలో భాగమై ఉన్నది. ఆ దేశంలో నివాసముండి, అక్కడ ఖాతా లేని ప్రతి వ్యక్తికీ ఇది వర్తిస్తుంది. జాతీయతతో నిమిత్తం లేదు. ఏ బ్యాంకైనా తన ఇష్టానుసారం నిరాకరించవచ్చును గాని, నిరాకరించినట్లు ధ్రువపత్రాన్ని ఉచితంగా, ఆలస్యం లేకుండా ఇచ్చి తీరవలెను. ఆ పత్రాన్ని, పాస్‌పోర్టును, నివాస రుజువును జతచేసి, ఆ దేశపు కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ద ఫ్రాన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చును. అబ్బాయి కోరినచో, నిరాకరించిన బ్యాంకే ఆ దరఖాస్తును అతని తరఫున పంపవలసి ఉంటుంది. అప్పుడు కేంద్ర బ్యాంకు ఒక బ్యాంకును నిర్దేశిస్తుంది. అవసరమైన పత్రాలన్నీ అందిన మూడు పనిదినాలలో ఆ బ్యాంకు ఖాతా తెరవవలెను.

ఇందుకు వకీలు అవసరం లేదు, రుసుమూ లేదు. సందేహమున్నవారికి అక్కడ ‘పాయింట్ జస్టిస్’ అనే ఉచిత న్యాయ సలహా కేంద్రాలు ఉన్నవి. అయితే ఇలా లభించే ఖాతా పరిమితమైనదని గ్రహించవలెను. సొమ్ము జమ చేయడం, బదిలీ చేయడం, కార్డుతో చెల్లించడం వంటి ప్రాథమిక సేవలు ఉచితంగా ఉంటాయి. చెక్కుపుస్తకం గాని, ఖాతాలో లేని సొమ్మును వాడుకొనే వెసులుబాటు గాని ఈ హక్కులో భాగం కాదు. అద్దె చెల్లించుకోవలసిన విద్యార్థికి ఈ మాత్రం చాలును.

ఈ సందర్భంలో పుదుచ్చేరి, యానాం వాసులకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటున్నది. 1956లో సంతకాలై, 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చిన ఒడంబడిక ప్రకారం కొందరు ఫ్రెంచి జాతీయతను నిలుపుకొన్నారు. ఫ్రాన్సు వెలుపల నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులకు కూడా పైన చెప్పిన ఖాతా హక్కు వర్తిస్తుంది. మన దేశంలోనే స్థిరపడినవారు మాత్రం ఆ ఖాతా విషయంలో ఇక్కడి పన్ను, విదేశీ మారక నిబంధనలను నిపుణునితో సరిచూసుకొనుట మేలు.

ఇతర దేశాలలో పద్ధతులు వేరు. ఐరోపా సమాఖ్య 2014లో ఒక ఆదేశం జారీచేసి, తన సభ్యదేశాలలో చట్టబద్ధంగా నివసించేవారందరికీ ప్రాథమిక ఖాతా హక్కును కల్పించింది. జర్మనీకి వెళ్ళే విద్యార్థులు సాధారణంగా వీసా నిమిత్తమై ముందే ఒక నిర్బంధ ఖాతాలో సొమ్ము జమచేసి, నెలనెలా కొంత చొప్పున తీసుకొంటారు. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని నెలకు 992 యూరోలుగా, అనగా ఏడాదికి 11,904 యూరోలుగా నిర్ణయించారు. అమెరికాలో ఖాతా తెరవడానికి సోషల్ సెక్యూరిటీ సంఖ్య తప్పనిసరి అని పలువురు భావిస్తారు. అక్కడి గుర్తింపు నిబంధనలు విదేశీయుల పాస్‌పోర్టు సంఖ్యను అంగీకరిస్తాయి. అయితే ఏ బ్యాంకైనా అంతకంటె కఠినమైన నియమం పెట్టుకోవచ్చును గనుక, ఒకచోట కాదంటే మరొకచోట విచారించవలెను.

రెండవ ప్రశ్నకు మా సమాధానం ‘వద్దు’ అనియే. ఇతరుని ఖాతాకు చేరిన సొమ్ముపై అబ్బాయికి ఆధారమేమీ మిగలదు. ఆ ఖాతాపై విచారణ వస్తే ఇద్దరూ చిక్కుల్లో పడతారు. కమీషను తీసుకొని ఖాతా తెరిపిస్తామనే మధ్యవర్తులకు పాస్‌పోర్టు నకళ్ళు ఇవ్వడం మరింత ప్రమాదకరం.

మూడవ ప్రశ్నకు సమాధానం మన చట్టంలో ఉన్నది. 1973 నాటి ఫెరా చట్టం కాలంలో విదేశీ ఖాతా అంటేనే భయపడవలసి వచ్చేది. 2000 జూన్ 1న ఫెమా అమలులోకి వచ్చింది. 2004లో సరళీకృత చెల్లింపుల పథకం వచ్చిన పిమ్మట, మన దేశ నివాసి ముందస్తు అనుమతి లేకుండానే పరిమితికి లోబడి విదేశంలో ఖాతా తెరవవచ్చును. ఆనాడు 25,000 డాలర్లుగా ఉన్న ఆ పరిమితి 2015 నుండి ఒక ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు.

కాబట్టి ఉమ్మడి ఖాతా నిషిద్ధం కాదు, కాని దానితో బాధ్యత వస్తుంది. విదేశంలో చదివే విద్యార్థులను ప్రవాస భారతీయులుగా పరిగణించవలెనని రిజర్వు బ్యాంకు 2003లో స్పష్టం చేసింది. తండ్రి మాత్రం ఇక్కడి నివాసియే. ఖాతాలో తన పేరున్నా, కేవలం సంతకాధికారమున్నా, ఆదాయపు పన్ను రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో ఆ వివరాన్ని ఆయన చూపవలెను. 2015 నాటి నల్లధన చట్టం క్రింద, చూపనివారికి 10 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చును. స్థిరాస్తి మినహా మొత్తం విదేశీ ఆస్తుల విలువ 20 లక్షలు మించనిచో ఈ జరిమానా ఉండదని 2024 అక్టోబరు 1 నుండి సడలించారు. జరిమానా తొలగినంత మాత్రాన వివరం చూపే విధి తొలగలేదు. దేశాల మధ్య ఖాతాల సమాచారం ఇప్పుడు ఏటేటా తనంతట తానే చేరుతున్నందున దాచడం సాధ్యమూ కాదు. మన సంస్థ ప్రవర్తనా నియమావళి క్రింద యాజమాన్యానికి తెలుపవలసినదేమైనా ఉన్నదా అన్నది సిబ్బంది విభాగంలో విచారించుకోగలరు.

కనుక ఏంబలం సహోద్యోగికి మా సలహా ఇది: ఖాతాను కుమారుని పేరుననే తెరవనివ్వండి. ఖర్చుల సొమ్మును మీ బ్యాంకు ద్వారా నేరుగా ఆ ఖాతాకే పంపి, రసీదులను భద్రపరచండి. అన్నిటికంటె ముందు, నిరాకరించిన బ్యాంకు నుండి ధ్రువపత్రాన్ని వ్రాతపూర్వకంగా తీసుకొమ్మని అబ్బాయికి చెప్పండి. తక్కిన పనులన్నీ ఆ కాగితంతోనే మొదలవుతాయి.