ధర్మవరంలో మంచు ఎవరు ఎత్తుతారు?

స్పైరోమెట్రీ మనం ఎంత గాలి ఊదగలమో చెప్తుంది. రోజు ఎలా గడుస్తుందో చెప్పదు. అందుకే సీఓపీడీ ఉన్నవాళ్లకి లండన్‌లో తయారైన సెయింట్ జార్జ్ ప్రశ్నావళి ఉంది. స్కోరు 0 నుంచి 100 వరకు. పెరిగేకొద్దీ బతుకు కష్టమని అర్థం.

ఆలోచన మంచిదే. కానీ దాని ఇంగ్లిష్ మూలంలో బరువులు మోయడంతో పాటు పారతో మంచు ఎత్తడం, గోల్ఫ్, టెన్నిస్ కూడా ఉన్నాయి. మన ధర్మవరం నేతన్న వీటికి ఏం చెప్పాలి? "నాకు ఆ ఇబ్బంది లేదు" అంటే స్కోరు తగ్గుతుంది, ఆయన బాగున్నట్టే లెక్క!

తెలుగులోకి మారిస్తే చాలదు. "మగ్గం గుంతలోకి దిగి, ఎక్కుతుంటే ఆయాసమొస్తోందా? చీర నేయడానికి ఇదివరకటి కంటే ఎన్ని రోజులు ఎక్కువ పడుతోంది?" అని అడగాలి. చీరకింత అని కూలి వచ్చే ఇంట్లో ఆయాసం ఖరీదు ఆ రోజుల్లోనే ఉంటుంది.