కూలికి గడియ, దళారికి దొడ్డిదారి

ఒక చట్టము మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు దాని పీఠికను చదివిన చాలదు. అది యెవరి త్రోవకు అడ్డు నిలుచుచున్నదో, యెవరికి త్రోవ విడుచుచున్నదో చూడవలెను. పొట్టకూటికై పరదేశములకు పోవు కూలివారిని కాపాడుటకని మన దేశమున 1983లో వలసల చట్టము పుట్టినది. దాని నీ విధముగా పరీక్షించినచో, రక్షణ పొందవలసినవానికి గడియ వేసి, కట్టుబడి యుండవలసినవానికి దొడ్డిదారి విడిచినదని చెప్పక తప్పదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమ స్థితిని చూచినవారికి ఈ మాట అతిశయోక్తిగా తోపదు.

ఈ సీమవారికి వలస క్రొత్త కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో నదులు కన్నులయెదుట పారుచున్నను, చేలు చిరకాలము వాననే నమ్ముకొని యుండెను. తట్టయు పారయు పట్టుకొని ఊరు విడిచిన యీ జనము దేశమందలి ఆనకట్టలను, కాలువలను, రోడ్లను నిర్మించినది. “పాలమూరు లేబరు” అను మాట కంట్రాక్టర్ల నోట ఒక సరకు పేరువలె నిలిచిపోయినది. వారిని తీసికొనిపోయినవాడు గుంపు మేస్త్రీ. కరవువేళ అడ్వాన్సు చేతిలో పెట్టి, ఆ బాకీ తీరువరకు ఆలుమగలను పనికి కట్టివేయుట అతని వ్యాపారము. గోదావరి, విశాఖపట్టణ మండలముల నుండి రంగూనుకు ఓడలెక్కిన తెలుగు కూలీలను బాకీలో దింపి కొనిపోయినవాడును మేస్త్రీయే. 1879 మొదలు 1916 వరకు గిర్మిటుపై ఫిజీ చెరకుతోటలకు పోయిన 60,965 మంది భారతీయులలో, 1903 నుండి మద్రాసు రేవున ఓడ యెక్కిన తెలుగువారును కలరు. దేశము మారినది, పని మారినది. కూలికిని యజమానికిని నడుమ నిలిచి ఉభయులవద్ద సొమ్ము తీయువాడు మాత్రము మారలేదు.

నేడు వాడు వీసా కాగితముతో వచ్చుచున్నాడు. గల్ఫు దేశములకు పోవు తెలంగాణమువారిలో కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములవారే హెచ్చు. పాలమూరువారు ముంబయి, పుణె, బెంగుళూరుల కేగుటయే పరిపాటి. అయినను ఎడారిత్రోవ ఈ సీమకును తెరచియే యున్నది. ఆ త్రోవ మొదట నిలిచినది పైన చెప్పిన చట్టము.

దాని పద్ధతి యిది. సాధారణముగా పదవ తరగతి తేరనివాని పాస్‌పోర్టు, వలస అనుమతి కావలసిన తరగతిలో, అనగా ‘ఇ.సి.ఆర్.’లో చేరును. అట్టివాడు సౌదీ అరేబియా, కువైటు, ఒమాను, ఖతరు మున్నగు నిర్ణీత దేశములకు ఉద్యోగమునకై పోవలెనన్న వలసల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. 2014 నుండి ఈ వ్యవహారము ఈ-మైగ్రేట్ అను కంప్యూటరు ఏర్పాటు ద్వారా నడచుచున్నది. ఇప్పుడు చదువరులు మరియొక సంగతి తలపోయవలెను. 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో, 2011 జనాభా లెక్కల ప్రకారము అక్షరాస్యులు నూటికి ఏబదిమందికి లోపు. బడి చెప్పింపలేని ప్రభుత్వమే విమానమెక్కువేళ బడి చీటీ యేదని యడుగుచున్నది! లోపము ప్రభుత్వముది, దాని భారము మోయువాడు కూలివాడు.

దళారికి కావలసినది సరిగా ఈ చిక్కే. అనుమతి ఉద్యోగమునకు పోవువానికే కాని, చుట్టపుచూపుగా పోవువానికి అక్కరలేదు. కావున వాడు కూలివానికి విజిట్ వీసా తెచ్చి, “ముందు దిగుము, తరువాత పని వీసా చేయింతును” అనును. దిగినవాడు, గడువు తీరిన మరునాటినుండి ఆ దేశపు శాసనము దృష్టిలో అపరాధి. జీతము ఎగవేసిన యజమానిపై ఫిర్యాదు చేయబోయిన తానే పట్టుబడును. అనుమతితో పోయినవానికి రెండేండ్లకు 275 రూపాయల ప్రీమియముతో ప్రమాద మరణమునకు 10 లక్షల రూపాయల బీమా కలదు. దొడ్డిదారిని పోయినవాని భార్యాబిడ్డలకు అదియు లేదు. కువైటు 2018లో అట్టివారికి క్షమాభిక్ష ప్రకటించి ఇండ్లకు పోనిచ్చినది. క్షమింపబడినవాడు కూలివాడు, వానినా స్థితికి తెచ్చినవానిని పిలిచి అడిగిన న్యాయస్థానమేది? లైసెన్సుగల ఏజెంటు 30 వేల రూపాయలకును, దానిపై పన్నునకును మించి రుసుము పుచ్చుకొనరాదను నియమము కలదు. ఊరూర తిరుగు ఉపదళారికి లైసెన్సే లేదు, నియమ మెక్కడిది? లైసెన్సు లేక కూలీలను చేర్చువానికి 1983లో వ్రాసిన శిక్ష రెండేండ్ల వరకు ఖైదు, రెండువేల రూపాయల వరకు జుల్మానా. రెండువేలకు జంకు దళారి యెవడు?

స్త్రీల విషయము మరింత శోచనీయము. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుగల స్త్రీ 30 ఏండ్లు నిండనిచో ఆ దేశములకు పనికి పోరాదని విధించిరి. 2016లో, నిండినవారిని సైతము ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపవలెనని కట్టడి చేసిరి. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని ఇరువదియైదేండ్ల విధవరాలికి ఇంట గింజ లేనపుడు నిషేధము అన్నము పెట్టదు. ఆమెను చీకటిత్రోవకు అప్పగించును. ఆడుదానిని కాపాడుటయన్న ఇంట పెట్టి తాళము వేయుటయే యని తలచు పాతబుద్ధి శాసనసభలలో ప్రవేశించినంతమాత్రమున సంస్కారము కాజాలదు.

కొందరిట్లు ఆక్షేపింతురు: “గడియ తీసినచో అమాయకులు మరింత మోసపోరా? పరాయి దేశపు యజమానిని మన ప్రభుత్వమేమి చేయగలదు?” గడియ తీయుడని మేము చెప్పుట లేదు; దళారి గుమ్మమునకు మార్చుడనుచున్నాము. పరదేశపు యజమాని మన చేతికి చిక్కకున్నను, అతని పక్షమున ఇచట సొమ్ము తీసినవాడు చిక్కును. ఫిలిప్పీన్సు ప్రభుత్వము 1995లో చేసిన చట్టము, జీతపు బాకీకి విదేశపు యజమానితోపాటు స్వదేశపు ఏజెంటును గూడ సమానముగా బాధ్యుని చేసినది. ఆ దీవులవారు చేయగలిగినది మనకు సాధ్యము కాదా?

మన ప్రభుత్వము శక్తిలేనిదనుటకును వీలు లేదు. 2020 సెప్టెంబరులో, గల్ఫు దేశములకు పోవు మన కూలీలకు తాను నిర్ణయించిన కనీస వేతనములను తానే మూడు మొదలు ఐదు పదులవంతున నూటికి తగ్గించినది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము నడచుచుండగా 2021లో దానిని వెనుకకు తీసికొనెను. తగ్గించుటకు చేయి వచ్చిన ప్రభుత్వమునకు కాచుటకేల రాదు?

దేశములోపలి వలస కథయు నిట్లే యున్నది. అంతర్రాష్ట్ర వలస కూలీలకై 1979లో చేసిన చట్టము ప్రకారము మేస్త్రీకి లైసెన్సు, కూలికి ఫొటోతో పాస్‌బుక్కు, ఊరు విడిచినందుకు వేరుగా భత్యము ఉండవలెను. 2025 నవంబరు 21న ఆ చట్టము పోయి క్రొత్త కార్మిక స్మృతి అమలులోనికి వచ్చినది. ఊరు విడిచిన భత్యము అందులో కానరాదు. పాత చట్టము బ్రతికియున్న నాళ్లలోనైనను, పాస్‌బుక్కు చేతబట్టుకొని బస్సెక్కిన పాలమూరు కూలిని చూచినవారెందరు?

వలసల చట్టమునకు బదులు క్రొత్త బిల్లు చిత్తును 2025లో ప్రభుత్వము ప్రకటించినది. అది యే రూపమున శాసనమైనను మేము కోరునవి మూడు. జీతమునకు, ప్రాణమునకు ఏజెంటు యజమానితో సమానముగా బాధ్యుడు కావలెను. గ్రామమున తిరుగు ఉపదళారి పేరు పంచాయతీలో నమోదై, ఒప్పందపు ప్రతి తెలుగున అచటనే యుండవలెను. అనుమతికి బడిచీటీగాక ఒప్పందము గీటురాయి కావలెను. అపుడు స్త్రీకి వయసు సంకెల అనావశ్యకము.

శాసనము వచ్చువరకు చదివినవారు చేతులు కట్టుకొని కూర్చుండరాదు. మన యిండ్ల గిన్నెలు తోము స్త్రీ కుమారుడు, మన చేను దున్ను రైతు తమ్ముడు కాగితము తెచ్చినపుడు, అది విజిట్ వీసాయో పని వీసాయో చదివి చెప్పుటకు అరగడియ చాలును. ఆ యింటి యాడుపిల్లను పదవ తరగతి ముగియువరకు బడి మానిపింపకుండునట్లు చూచుటకు కొంత పూనిక చాలును. ఈ పాటి శ్రమకు వెనుదీసి, శవపేటిక వచ్చిన దినమున కన్నీరు కార్చుట దయ యనిపించుకొనదు.